ఎక్కువా, తక్కువా

ఆర్తిక్ ఊళ్ళో మా జిమ్ముకి కిటికీ లేదు.
గులాబీ రంగు టఫ్ రాతి గోడల కింద, నేలమాళిగ.
చలికాలం ఇనుము పట్టుకుంటే
అరచేతి తోలు దానికే అంటుకుపోతుంది.
అందుకే పొద్దున్నే కడ్డీని పొయ్యి పక్కన నిలబెడతాను,
చంటిపిల్లాడి చొక్కా వెచ్చబెట్టినట్టు.

ముప్పై ఒక్కేళ్ళుగా నా దగ్గరో నోటుబుక్కు:
పేరు, ఒంటి బరువు, మొదటి రోజు బస్కీ.
మొదటి బస్కీ చూసి మనిషిని చెప్పగలనని నా గొప్ప.
చెప్పలేను. ఆ సంగతి మా సాతెనిక్ ఒక్కదానికే తెలుసు,
పెళ్ళాం కాబట్టి బయట అనదు.

నవంబరులో న్వార్డ్ వచ్చింది.
లవాష్ రొట్టెలు కాల్చే న్వార్డ్, నలభై నాలుగేళ్ళు,
కనుబొమ్మ మీద పిండి.
మోకాళ్ళకి పని చెప్పమన్నాడట డాక్టరు.
నేను మనసులో అంకె వేసేశాను:
ఇరవయ్యేళ్ళు బస్తాల మధ్య బతికిన ఒళ్ళు,
యాభై కిలోలు అవలీలగా లేపుతుంది.
గోడకి చేరగిలబడ్డ కుర్రాళ్ళు పందెం కాశారు,
సెవాదా అరవై అన్నాడు.

ముందు ఒట్టి కడ్డీ. ఇరవై కిలోలు.
సగం దాకా దిగి ఆగింది,
చీకట్లో కుర్చీ ఎక్కడుందో తడుముకునే మనిషిలా.
"ఇంకా కిందికి" అన్నాను.
"ఇంకా కిందికంటే పొయ్యి గొయ్యిలో పడతాను" అంది.

మడమలు లేచాయి.
మోకాళ్ళు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.
అప్పుడు వెలిగింది నాకు:
ఈమె పనంతా మోకాళ్ళ మీద కూర్చుని,
నడుము వంచి, గొయ్యిలోకి చెయ్యి చాపి.
బరువుతో కిందికి పోయి
కాళ్ళతో లేచిన రోజు ఒక్కటీ లేదు.
మరి బస్తాలు?
బస్తాలు మొగుడు మోసేవాడు.

బూట్లు విప్పించాను. ఉన్ని మేజోళ్ళు,
ఎడమ బొటనవేలి దగ్గర చిల్లు.
మడమల కింద చెరో చెక్క ముక్క.
ముప్పై. ముప్పై అయిదు.
నలభై దగ్గర కడ్డీ అడుగున ఆగిపోయింది.

నేను చూసేది ఇక్కడే.
కింద ఇరుక్కున్న ఆ రెండు క్షణాల్లో
కొందరి కళ్ళు నన్ను వెతుకుతాయి.
కొందరి వెన్ను వానపాములా ముడుచుకుంటుంది.
కొందరు అరుస్తారు, ఉన్న బలం కాస్తా ఆ అరుపులో పోతుంది.
న్వార్డ్ కళ్ళు మూసుకుని ఏదో లెక్కపెట్టింది.
తర్వాత అడిగితే చెప్పింది:
రొట్టె గోడకి అంటుకున్నాక
మూడుకి తీస్తే పచ్చి, అయిదుకి తీస్తే మాడు.
నాలుగుకి లేచింది.
వణుకుతూ, ఓ పక్కకి ఒరిగి, లేచింది.

కడ్డీ కొక్కేల మీద పెట్టాక మొదటి మాట:
"ఎక్కువా, తక్కువా?"

ఏం చెప్పను?
గోడ మీద పాత పట్టిక ఉంది,
ఒంటి బరువు ఇంతయితే ఇంత లేపాలని.
దాంట్లో ఇరవై రెండేళ్ళ మగవాళ్ళున్నారు, సైనికులున్నారు,
రొట్టెలామెకి గడి లేదు.
పట్టిక ప్రకారం తక్కువ.
వచ్చిన పావుగంటలో ఇరవై నుంచి నలభై, ఆ ప్రకారం ఎక్కువ.
సెవాదా పందెం ప్రకారం ఇద్దరం వెధవలం.

నోటుబుక్కు తిరగేశాను.
మొదటి రోజే తొంభై లేపిన హ్రాచ్ మూడో వారం రాలేదు.
ముప్పైతో మొదలెట్టిన గోహర్ అంకెలు
పేజీ చాలక వెనక అట్ట మీదికి పాకాయి.
ఆ కథ అందరికీ చెప్తాను.
ముప్పైతో మొదలై ముప్పైతోనే పోయిన పేర్లు
అట్టల మధ్య బోలెడు.
అవి ఎవరికీ చదివి వినిపించను.

"ఈ రోజుకి నలభై" అన్నాను.
"నేనడిగింది అది కాదు."
"గురువారం రా. దీని పక్కన ఇంకోటి రాస్తాను.
ఒక్క రొట్టె చూసి బస్తా సంగతి చెప్తావా నువ్వు?"
"చెప్తాను" అంది న్వార్డ్, బూట్లు తొడుక్కుంటూ.
"అదీ ముక్క తుంచకుండా."

గురువారం మంచు పడింది. మెట్లు కనపడలేదు.
సెవాదా కూడా రాలేదు.
కడ్డీని పొయ్యి పక్కన నిలబెట్టాను.
రెండు చెక్క ముక్కలు కూడా.